ముందు శుక్రవారం సాయంత్రం గురించి మాట్లాడుకుందాం

ప్రశ్న: మాది హైదరాబాద్. మా వారిది బ్యాంకు ఉద్యోగం, నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. మా అమ్మాయికి 15 ఏళ్లు, ఈ ఏడాదే పదో తరగతి అయింది. నాలుగేళ్ల కిందట వేసవి సెలవుల్లో ఊరికే ఉంటుందెందుకని గోల్ఫ్ క్యాంపులో చేర్పిస్తే, ఇక ఆ స్టిక్ వదల్లేదు. ఈమధ్య పార్ 72 కోర్సులో 78 కొట్టింది, కోచ్ గారు చాలా మెచ్చుకున్నారు. ఇప్పుడేమో ఇంటర్ చదవనంటోంది. అదితి అశోక్‌లాగా ప్రొఫెషనల్ అవుతాననీ, ఆవిడ 18 ఏళ్లకే ఒలింపిక్స్ ఆడిందనీ, ఇంకా ఆలస్యం చేస్తే వెనకబడిపోతాననీ ఒకటే ఏడుపు. మా వారు శంకర్‌పల్లి వైపున్న 200 గజాల ప్లాటు అమ్మేద్దామంటున్నారు. నాకేమో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఆ ఆటలో నాకు ఒక్క ముక్క తెలియదు. పైగా మొన్న ఒక పెళ్లిలో మా పెద్దక్క పిల్ల చేతులు పట్టుకుని, "ఒక చెయ్యి నల్లగా, ఒక చెయ్యి తెల్లగా ఏమిటే ఇది? రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" అని పదిమందిలో అనేసింది. గోల్ఫ్ ఆడి ఆడపిల్ల బతకగలదా? ప్లాటు అమ్మమంటారా, వద్దా?
– ఒక తల్లి

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్లాటు సంగతి ముందే చెప్పేస్తాను, ఈ రాత్రికైనా నిద్రపోతారు. అమ్మకండి. కనీసం ఇప్పుడు వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే మాత్రం మీ అమ్మాయి ఎవరి పేరు చెబుతోందో ఆవిడ గురించే కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. ఈ జవాబు మీ పిల్లకు కూడా చదవడానికివ్వండి. ఆవిడ పేరు చెప్పి వాదిస్తోంది కాబట్టి ఆవిడ లెక్కలూ తెలియాలి కదా.

2021 ఆగస్టు 7, శనివారం. తెల్లవారకముందే లేచి టీవీ పెట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. గోల్ఫ్ ముఖం ఎరగని ఇళ్లలో కూడా ఆ పొద్దున అదే మాట. ఈ ఆటలో తక్కువసార్లు కొట్టినవాళ్లే గెలుస్తారనీ, పార్ అంటే ఒక్కో హోల్‌కూ, మొత్తం కోర్సుకూ ఇన్ని దెబ్బలని పెట్టిన లెక్కనీ, బర్డీ అంటే పార్ కంటే ఒకటి తక్కువనీ, బోగీ అంటే రైలుపెట్టె కాదు, ఒకటి ఎక్కువనీ మా ఆవిడకు చెబుతూ మధ్యలో నేనే తడబడ్డాను. టోక్యో ఒలింపిక్స్, కసుమిగసెకి కోర్సు, అక్కడ పార్ 71. ప్రపంచ ర్యాంకు 200 ఉన్న మన అదితి నాలుగు రోజుల్లో 67, 66, 68, 68 ఆడింది. మొత్తం పార్ కంటే 15 తక్కువ. అమెరికా అమ్మాయి నెల్లీ కోర్డా 17 తక్కువతో బంగారు పతకం గెలిచింది. 16 తక్కువ దగ్గర సమానంగా నిలిచిన జపాన్ మోనే ఇనామీ, న్యూజిలాండ్ లిడియా కో ప్లేఆఫ్ ఆడి రజతం, కాంస్యం పంచుకున్నారు. అదితికి నాలుగో స్థానం. ఒక్క స్ట్రోక్, అంటే ఒక్క దెబ్బ తేడా. ఆ సాయంత్రమే నీరజ్ చోప్రా బల్లెం విసిరి స్వర్ణం తెచ్చాడు, పొద్దుటి సంగతి రాత్రికల్లా పాతబడింది.

మీ అమ్మాయి మనసులో ఉన్నది ఆ పొద్దుటి అదితి అని నా అనుమానం. దానికి ముందూ వెనకా బోలెడు కథ ఉంది.

అదితిది బెంగళూరు. ఇంట్లో ఎవరూ గోల్ఫర్లు కారు. ఐదేళ్ల వయసులో కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానంలో మొదలుపెట్టింది. స్కూలు మానలేదు, ఫ్రాంక్ ఆంథోనీ పబ్లిక్ స్కూల్‌లో చదువుతూనే జాతీయ జూనియర్ టైటిళ్లు, అమెచ్యూర్ (డబ్బు కోసం కాకుండా ఆడేవాళ్ల) టైటిళ్లు గెలుచుకుంటూ వచ్చింది. 2013లో ఆసియా యూత్ క్రీడలు, 2014లో యూత్ ఒలింపిక్స్, అదే ఏడాది ఆసియా క్రీడలు. 2015లో, అంటే 17 ఏళ్లకు, బ్రిటిష్ లేడీస్ ఓపెన్ అమెచ్యూర్ స్ట్రోక్‌ప్లే టోర్నీ గెలిచింది. ఆ డిసెంబరులో మొరాకోలో యూరప్ టూర్‌కు అర్హత పోటీ జరిగితే అందులో మొదటి స్థానం. టూర్ అంటే ఏడాది పొడవునా ఊరూరా జరిగే ప్రొఫెషనల్ టోర్నీల వరస. ఆ తర్వాత, 2016 జనవరి 1న, ప్రొఫెషనల్ అయింది.

ఈ వరుస మీ అమ్మాయి గమనించిందా అడగండి. పద్దెనిమిదేళ్లు నిండకముందే ప్రో అయింది, నిజమే. అయితే అప్పటికి ఆట మొదలుపెట్టి పన్నెండేళ్లయింది, అమెచ్యూర్‌గా గెలవాల్సినవి చాలావరకు గెలిచేసింది. ప్రో అవడం ఆవిడకు మొదలు కాదు. అప్పటికే వచ్చేసిన స్థాయికి తగ్గ పేరు పెట్టుకోవడం, అంతే.

2016 ఆవిడకు వెలిగిపోయిన ఏడాది. రియో ఒలింపిక్స్‌లో వాళ్ల నాన్న ఆవిడ క్లబ్బుల బ్యాగు మోశారు. మొదటి రెండు రోజులూ 68, 68 ఆడి అందరి కళ్లూ తనవైపు తిప్పుకుంది, తర్వాతి రెండు రోజుల్లో జారి 41వ స్థానంలో తేలింది. నవంబరులో గుర్‌గావ్‌లో ఇండియన్ ఓపెన్ గెలిచింది. లేడీస్ యూరోపియన్ టూర్‌లో టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు తనే. రెండు వారాలకే ఖతార్‌లో మరొకటి. ఆ ఏడాది ఆ టూర్‌లో ఉత్తమ కొత్త క్రీడాకారిణి అవార్డు కూడా ఆవిడకే. 2017లో అమెరికాలో ఆడవాళ్ల ప్రొఫెషనల్ టూర్ అయిన ఎల్పీజీఏ టూర్‌లో అడుగుపెట్టింది, నవంబరులో అబుధాబిలో మూడో టైటిల్.

ఇక్కడిదాకా సినిమా కథలాగే ఉంది. ఇంటర్వెల్ ఇప్పుడు.

ఆ తర్వాత ఆవిడ మళ్లీ ట్రోఫీ ఎత్తింది 2023 ఫిబ్రవరిలో, కెన్యాలో. మధ్యలో ఐదేళ్ల మూడు నెలలు. ఒక్క గెలుపు లేదు. మనమంతా పొద్దున్నే లేచి చూసిన టోక్యో కూడా ఆ ఐదేళ్లలోనే ఉంది. ప్రపంచంలో కెల్లా పెద్దదైన ఎల్పీజీఏ టూర్ సంగతి చూస్తే, 2017 నుంచి 2024 దాకా ఎనిమిది సీజన్లలో ఆవిడకు ఒక్క టైటిల్ కూడా రాలేదు. బాగా దగ్గరికొచ్చింది 2023లో లాస్ ఏంజెలిస్‌లో. ముగ్గురు సమానమై ప్లేఆఫ్‌కు వెళితే ఆస్ట్రేలియా అమ్మాయి హన్నా గ్రీన్ గెలిచింది.

అయినా మనం ఆవిడను విజేత అనే అంటున్నాం, సరిగ్గానే అంటున్నాం. ఎందుకంటారా? ఇక్కడే పైన శీర్షికలో చెప్పిన శుక్రవారం సాయంత్రం వస్తుంది.

పెద్ద టూర్లలో మామూలు టోర్నీ గురువారం మొదలై ఆదివారం ముగుస్తుంది. వంద నలభై మంది దాకా ఆడతారు. గురు, శుక్రవారాల స్కోర్లు కలిపి శుక్రవారం సాయంత్రం ఒక గీత గీస్తారు, దాన్ని 'కట్' అంటారు. గీతకు పైనున్నవాళ్లు, అంటే దాదాపు సగం మంది, శని, ఆదివారాలు ఆడి ప్రైజ్ మనీ పంచుకుంటారు. కిందనున్నవాళ్లకు చాలా టోర్నీల్లో పైసా రాదు. విమానం టికెట్టు, హోటలు, తిండి, వీసా, క్యాడీ జీతం మాత్రం వాళ్ల చేతినుంచే. బ్యాగు మోసే క్యాడీకి వారానికి ఇంత అని ఇవ్వాలి, డబ్బొస్తే అందులో వాటా, గెలిస్తే పదో వంతు దాకా. అమెరికాలో గెలిచిన డబ్బులో పన్ను అక్కడే పట్టుకుంటారు. క్రికెట్‌లోలా బోర్డు కాంట్రాక్టు లేదు, మ్యాచ్ ఫీజు లేదు. ఈ వారం ఒళ్లు బాగోలేదని గదిలో పడుకుంటే ఈ వారం సంపాదన సున్నా.

పైన డబ్బు లేదని కాదు. 2023లో ఎల్పీజీఏ టూర్ మొత్తం ప్రైజ్ మనీ 10 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఏడాది యూఎస్ విమెన్స్ ఓపెన్ గెలిచినావిడకు ఒక్క వారంలో 20 లక్షల డాలర్లు వచ్చాయి. కానీ ఆ డబ్బు కుండలో పైన తేలే మీగడలాంటిది, అందరి గిన్నెలోకీ రాదు. మన దేశంలో మహిళల ప్రో టూర్ నడుస్తోంది, మన హైదరాబాద్ అమ్మాయి స్నేహా సింగ్ అందులో టైటిళ్లు గెలిచింది కూడా. అక్కడ ప్రైజ్ మనీ లక్షల రూపాయల్లోనే ఉంటుంది. నిలదొక్కుకోవడానికి, ఆట పదును పెట్టుకోవడానికి అది మంచి చోటు. దాంతోనే ఇల్లు కట్టుకోవచ్చని లెక్కలు వేసుకోకండి.

అదితి చేసిన పని ఏమిటంటే, ఆ గెలుపు లేని ఐదేళ్లలోనూ శుక్రవారాలు గట్టెక్కుతూ వచ్చింది. ఒక్కోసారి తప్పింది, మళ్లీ గట్టెక్కింది. సెలెక్టర్ దయ ఉండని ఆట ఇది. ఏటా సంపాదించిన పాయింట్లను బట్టే వచ్చే ఏడాది టూర్‌లో చోటు ఉంటుందో ఊడుతుందో తేలుతుంది. ఆ చోటు నిలుపుకోవడమే ఈ వృత్తిలో అసలు ఉద్యోగం. ట్రోఫీ బోనస్.

మీ అమ్మాయి దగ్గర కూర్చుని ఇదొక్కటి అడగండి: "ముప్ఫై వారాలు సూట్‌కేసులోనే కాపురం, అందులో చాలా వారాలు శుక్రవారమే బ్యాగు సర్దుకుని వేరే ఊరు. టీవీలో ఎవరూ చూపించరు. అది నీకు ఇష్టమేనా?" వెంటనే జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. నిజానికి వెంటనే అవునంటే నేనైతే కాస్త అనుమానిస్తాను.

ఇక 78 సంగతి. 15 ఏళ్లకు, నాలుగేళ్ల ఆటతో, పార్ 72 మీద 78 మంచి స్కోరే. కోచ్ గారి మెప్పు ఉత్తినే కాదు. కానీ ఒకసారి కొట్టిన 78 వేరు, పది రౌండ్లు ఆడితే సగటున వచ్చే 78 వేరు. అమ్మాయి చివరి ఇరవై రౌండ్ల స్కోర్లు ఒక నోట్‌బుక్‌లో రాయించండి. బాగా ఆడినవే కాదు, మధ్యలో వదిలేసి వచ్చినవి కూడా. పెద్ద టూర్లలో కట్ గీత చాలా వారాలు పార్‌కు అటూ ఇటూగా పడుతుంది. రోజుకు ఆరు ఎక్కువంటే రెండు రోజులకు పన్నెండు. ఆ పన్నెండు తగ్గడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. తగ్గుతున్నాయా లేదా అన్నది మాత్రం ఆ నోట్‌బుక్ ఆరు నెలలకోసారి చెబుతుంది. ట్యూషన్లు చెప్పే మీకు ప్రోగ్రెస్ కార్డు చదవడం నేను నేర్పాలా?

ఈ ఆటలో మన పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది దూరం దగ్గర. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) తీసి ఎంత దూరం కొట్టానా అని చూసుకోవడం. చూడటానికీ, ఫోన్‌లో వీడియో తీసుకోవడానికీ అదే బాగుంటుంది. అదితి అక్కడ వెనకబడిన మనిషి. టోక్యోకు ముందు కోవిడ్ వచ్చి తగ్గింది, ఒంట్లో బలం తగ్గి దూరం మరింత తగ్గింది. పక్కవాళ్లు గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదికి ఇనుప క్లబ్బులతో కొట్టే చోట తను ఇంకా దూరం కొట్టే వుడ్ అనే క్లబ్ తీయాల్సి వచ్చేది. అంత తేడాను గ్రీన్ దగ్గరా, పటింగ్‌లోనూ, అంటే గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించడంలోనూ పూడ్చుకుంది. ఆ నాలుగు రోజులు ఆవిడ పటింగ్ చూసినవాళ్లెవరూ మర్చిపోరు. బలం సంగతి రేపు జిమ్‌లో చూసుకోవచ్చు. మీ పిల్ల ఎవరూ చెప్పకుండా తనంతట తానే గంటసేపు నాలుగడుగుల పట్‌లు వేసుకుంటూ కూర్చుంటోందా? దాన్ని చూడండి. కోచ్ గారిని కాదు, అక్కడ గడ్డి కోసే మనిషిని అడగండి, నిజం చెబుతాడు.

ఇంకో సంగతి కూడా మీరే కనిపెట్టాలి. చెడ్డ రౌండ్ ఆడిన మర్నాడు ఎలా ఉంటుంది? 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అదితి మూడో రోజు 61 కొట్టి ఏడు స్ట్రోకుల ఆధిక్యంతో పడుకుంది. దేశమంతా బంగారం వచ్చేసినట్టే అనుకుంది. చివరిరోజు 77. థాయ్‌లాండ్ అమ్మాయి అర్పిచయా యుబోల్ రెండు స్ట్రోకుల తేడాతో దాటేసింది. రజతం కూడా చిన్నదేమీ కాదు, ఆసియా క్రీడల గోల్ఫ్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ తనే. కానీ ఏడు స్ట్రోకులు చేతిలో ఉండి జారిపోతే లోపల ఎలా ఉంటుందో ఊహించండి. రెండు నెలలు తిరక్కుండానే స్పెయిన్‌లో టోర్నీ గెలిచింది. ఒలింపిక్స్ నాలుగో స్థానం కంటే నాకు ఈ రెండు నెలలే ఎక్కువ నచ్చుతాయి. మీ పిల్ల స్టిక్ గోడకేసి కొట్టి రెండు రోజులు అన్నం మానేస్తుందా, లేక సణుక్కుంటూనే మర్నాడు బ్యాగు తీస్తుందా? 15 ఏళ్లకు ఏడవడం తప్పు కాదు లెండి. మర్నాడు లేస్తే చాలు.

ఇంటర్ మాట. మానిపించకండి. అలాగని తెల్లారి ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా బిగించే కాలేజీలో ఎంపీసీకి పడేసి, ఆదివారం ఆడుకోమంటే అది గోల్ఫ్ మానిపించడమే. ఇంటికి దగ్గర్లో హాజరు విషయంలో కాస్త సర్దుకునే కాలేజీ చూడండి, గ్రూపు తనకిష్టమైనది తీసుకోనివ్వండి. మార్కులు కూడా అక్కరకొస్తాయి. అమెరికా విశ్వవిద్యాలయాలు మంచి ఆడపిల్లలకు గోల్ఫ్ స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. పెద్ద టూర్లలో ఆడుతున్నవాళ్లలో బోలెడుమంది ఆ దారినే వచ్చారు. కోచ్, కోర్సు, ప్రయాణాలు వాళ్లే చూసుకుంటారు, నాలుగేళ్లు తిరిగేసరికి చేతిలో డిగ్రీ కూడా ఉంటుంది. ఆ స్కాలర్‌షిప్‌కు టోర్నీ స్కోర్లతోపాటు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా మార్కులూ చూస్తారు. ఇంటర్ వదిలేస్తే ఆ తలుపు మన చేత్తో మనమే వేసుకున్నట్టు.

ఒకసారి ప్రో అయితే కూడా ఆ కాలేజీ తలుపు మూతపడుతుంది. కాబట్టి తొందరపడి ఆ కాగితం మీద సంతకం పెట్టించకండి. అమెచ్యూర్‌గా ఉంటూనే ప్రో టోర్నీల్లో ఆడనిస్తారు. మన దేశపు మహిళల టూర్‌లో కూడా అమెచ్యూర్ అమ్మాయిలు ఆడుతుంటారు, అప్పుడప్పుడు ప్రోలను ఓడించి గెలుస్తుంటారు కూడా. ప్రైజ్ మనీ తీసుకోరు, అంతే తేడా. 2022 నుంచి అమెచ్యూర్ నిబంధనలు సడలించారు కాబట్టి స్పాన్సర్ సాయం తీసుకోవడానికీ అడ్డు లేదు. మీ అమ్మాయికి తన సత్తా ఏమిటో తెలుసుకోవాలని ఉంటే దారి ఇదే. రెండేళ్లలో ఆ టోర్నీల్లో ప్రోల పక్కన నిలబడి ఆడి, పట్టికలో పై సగంలో ఉండగలిగితే అప్పుడు మళ్లీ నాకు రాయండి. ప్లాటు మాట కూడా అప్పుడే మాట్లాడదాం.

ఈలోగా ఏడాదికి ఇంత అని ఒక మొత్తం మీరూ మీ వారూ కూర్చుని తేల్చుకోండి. కోచింగ్, గ్రీన్ ఫీజులు (కోర్సులో ఆడినందుకు కట్టేవి), బూట్లు, బంతులు, ఏడాదికి ఆరో ఎనిమిదో బయటి టోర్నీలు, రైలు చార్జీలు, బస. ఆ అంకె అమ్మాయికి కూడా చెప్పండి. దాచి ఖర్చుపెట్టి, తర్వాత ఓడినప్పుడు "నీకోసం ఎంత పోశామో తెలుసా" అనే ఇళ్లు నేను చాలా చూశాను. ప్లాటు అమ్మిన రోజు నుంచీ ఆ పిల్ల కొట్టే ప్రతి పట్ మీదా 200 గజాల బరువు ఉంటుంది. నాలుగడుగుల పట్ దానికే ఎగిరిపోతుంది. వద్దనడానికి నా కారణం అదే, డబ్బు లెక్క తర్వాతది. మీ వారికి పిల్ల మీద ఎంత నమ్మకమో ఆ మాటతోనే తెలుస్తోంది, ఆయన్ను కోప్పడకండి.

"నాకు ఒక్క ముక్క తెలియదు" అన్నారు. టోక్యోలో అదితి బ్యాగు మోసింది ఎవరనుకున్నారు? వాళ్ల అమ్మగారు. ఆగస్టు ఎండలో, ఆ ఉక్కలో, నాలుగు రోజులూ పద్దెనిమిది హోల్స్ చొప్పున. ఏ క్లబ్ తీయాలో అమ్మాయే చూసుకుంటుంది, తల్లి పక్కనుంటే చాలని వాళ్లు కుదుర్చుకున్నారు. హర్యానా అమ్మాయి దీక్షా దాగర్‌ది ఇంకో రకం కథ. పుట్టుకతోనే వినికిడి లోపం, ఎడమచేతి వాటం, తండ్రి సైన్యంలో అధికారి, ఆయనే కోచ్, ఆయనే క్యాడీ. 18 ఏళ్లకు, 2019లో, దక్షిణాఫ్రికా ఓపెన్ గెలిచింది. 2017 డెఫ్లింపిక్స్‌లో (వినికిడి లోపం ఉన్నవాళ్ల ఒలింపిక్స్) రజతం, బ్రెజిల్‌లో 2022లో జరిగిన తర్వాతి డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం. 2023లో చెక్ ఓపెన్ కూడా గెలిచింది. ఇద్దరూ ఒకే టూర్‌లో ఆడారు, దారులు మాత్రం ఒకటి కాదు. మీ అమ్మాయి దారి మూడోది అయితే అవనివ్వండి, అదితి ఏ వయసుకు ఏం చేసిందో గోడమీద అంటించి దాంతో కొలుచుకోవడం మాన్పించండి.

మీరు చేయాల్సింది మరీ కష్టమేమీ కాదు. నెలకో రెండు సార్లు తనతోపాటు పద్దెనిమిది హోల్స్ నడవండి. నాలుగు గంటలు పైనే పడుతుంది, మోకాళ్లకు మంచిదే. సలహాలు ఇవ్వకండి. కారులో తిరిగొచ్చేటప్పుడు స్కోరు మీరు ముందు అడక్కండి, తనే చెబుతుంది. లేదా చెప్పదు, అదీ ఒక సమాచారమే.

పెళ్లి విషయం మీరు నేరుగా అడగలేదు, మీ పెద్దక్క గారి నోటితో అడిగారు. కాబట్టి కాస్త చెబుతాను. గోల్ఫ్‌లో ఆడవాళ్ల కెరీర్ జిమ్నాస్టిక్స్‌లాగా ఇరవైకి ముగిసిపోదు. స్కాట్లాండ్ క్రీడాకారిణి కాట్రియోనా మాథ్యూ 2009లో విమెన్స్ బ్రిటిష్ ఓపెన్ గెలిచినప్పుడు వయసు 39, రెండో పాప పుట్టి 11 వారాలు. అమెరికా ఆవిడ జూలీ ఇంక్‌స్టర్ ఇద్దరు ఆడపిల్లల తల్లిగా, 42 ఏళ్లకు, 2002లో యూఎస్ విమెన్స్ ఓపెన్ గెలిచింది. ఎల్పీజీఏ టూర్‌లో తల్లుల కోసం 1993 నుంచీ పిల్లల సంరక్షణ కేంద్రం టోర్నీతోపాటు ఊరూరా తిరుగుతుంది. ఇంకోవైపు మెక్సికో అమ్మాయి లొరెనా ఓచోవా ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగానే, 28 ఏళ్లకు, 2010లో ఇక చాలనుకుని కుటుంబం కోసం ఆట వదిలేసింది. ఎవరికి నచ్చింది వాళ్లు చేశారు. ఆ నిర్ణయం మీ పిల్లకు 15 ఏళ్లప్పుడు, ఒక పెళ్లి పందిట్లో, పెద్దమ్మ తీసుకోవాల్సింది కాదు.

ఒకవేళ రెండేళ్ల తర్వాత స్కోర్లు తగ్గకపోతే? అప్పుడు కూడా నష్టపోయేదేం లేదు, చేతిలో ఇంటర్ ఉంటుంది, డిగ్రీకి వెళ్తుంది. ఆట మీద ప్రేమ పోకపోతే కోచ్‌గా అర్హత సంపాదించడానికి నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా కోర్సులున్నాయి. ఆడపిల్లలకు నేర్పే ఆడ కోచ్‌లు మన దగ్గర ఇంకా తక్కువే.

చివరగా ఆ చేతులు. కుడిచేతి వాటం ఆటగాళ్లు ఎడమచేతికి మాత్రమే గ్లవ్ వేసుకుంటారు. అందుకే ఒక చెయ్యి ఎండకు మాడుతుంది, ఒకటి తెల్లగా మిగిలిపోతుంది. ఏ గోల్ఫర్ చేతులు చూసినా అంతే, అదితివైనా అంతే. ఎండకు సన్‌స్క్రీన్ రాయమనండి, అరచేతికి మాత్రం అంటనివ్వకండి, పట్టు జారుతుంది. పొడుగు చేతుల బనియన్లు దొరుకుతాయి, అవి వేయండి. ఈసారి పెళ్లికి వెళ్లేముందు రాత్రి పిల్లకు గోరింటాకు పెట్టండి. గ్లవ్ వేసిన చెయ్యీ, వేయని చెయ్యీ రెండూ ఒకేలా పండుతాయి. మీ అక్కగారికి మీరేమీ చెప్పనక్కర్లేదు.